ముఖం తెలియని అమ్మాయికి కంచు ముఖం

పారిస్‌లో రిషల్యూ-ద్రువో మెట్రో స్టేషన్లో దిగి, పైకి వచ్చి సందు తిరిగితే ద్రువో వేలంశాల. 1852 నుంచి పారిస్ ఇళ్లలోని పాత సామాను ఎంతో దీని గుమ్మం దాటే చేతులు మారుతోంది. పోయినవాళ్ల బీరువాలు, అన్నదమ్ములు పంచుకోలేక వదిలేసిన వెండి పళ్లేలు, అప్పులవాళ్లు పట్టుకొచ్చిన పటాలు, అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. లోపలికి పోవడానికి టికెట్ లేదు, ఎందుకొచ్చారని అడిగేవాళ్లూ లేరు. ఎస్కలేటర్ ఎక్కండి. ఈ రోజు పాట లేదు. రేపటి పాటకు ముందు సరుకు చూసుకునే రోజిది.

గదుల గోడలకు ఎర్ర బట్ట అతికించి ఉంది. పాత కలప వాసన, దానికి పట్టించిన మైనం వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి. ఒక పెద్దమనిషి కుర్చీని తలకిందులు చేసి కాళ్ల అతుకులు పరీక్షిస్తున్నాడు. ఒకావిడ గడియారం వెనక తలుపు తీసి లోపలికి టార్చి వేసి చూస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుని చూడ్డానికి ఇది మ్యూజియం కాదు. ఇక్కడ ముట్టుకోవాలి, తిప్పాలి, అడుగున ఏముందో చూడాలి. దాచిపెట్టిన లోపం రేపు పాట కొట్టేశాక బయటపడితే తలనొప్పి కొన్నవాడిదే.

మీరు చూడాలనుకున్నది మూల బల్ల మీద ఉంది. మూరెడు ఎత్తు. ఒక పల్లెటూరి అమ్మాయి మడమల మీద బరువు మోపి నేల మీద కూర్చుని ఉంది. జుట్టు వెనక్కి ముడిచి ఉంది. రెండు చేతుల వేళ్లూ ఒకదానిలో ఒకటి బిగించి ఒళ్లోకి చాచింది. తల కొద్దిగా పైకెత్తింది. దేన్నో చూస్తున్నట్టు లేదు, వింటున్నట్టు ఉంది. కవచం లేదు, కత్తి లేదు, గుర్రం లేదు, జెండా లేదు. ఎవరో చెప్పకపోతే ఈమె జోన్ ఆఫ్ ఆర్క్ అని పోల్చుకోలేం.

శిల్పి ఆన్రీ చపూ. ఆయన ఎంచుకున్నది ఆమె ఇంగ్లీషువాళ్లతో చేసిన యుద్ధం కాదు, దానికి చాలా ముందరి ఘడియ. ఫ్రాన్స్ తూర్పున దోంరెమీ అనే ఊళ్లో రైతు ఇంట 1412 ప్రాంతంలో పుట్టిన ఈ అమ్మాయికి పదమూడేళ్ల వయసులో, వేసవి మధ్యాహ్నం, తండ్రి పెరట్లో మొదటిసారి ఒక గొంతు వినబడిందట. తర్వాత తన మీద జరిగిన మత విచారణలో ఆ మాట ఆమే చెప్పింది, గుమాస్తాలు రాసుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఈ బొమ్మ.

గది చూసుకునే మనిషిని పిలవండి. తీసి చూడవచ్చా అంటే తల ఊపి, "రెండు చేతులతో పట్టుకోండి. తల దగ్గర కాదు, పీఠం కింద," అంటాడు. నిజమే, కనిపించే దానికంటే బరువు. అరచేతికి చల్లగా తగులుతోంది. వేలి కణుపుతో వీపు మీద మెల్లగా కొట్టండి. ఖంగుమంటుంది, ఆ మోత క్షణం పాటు నిలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో కంచు కొనలేని ఇళ్ల కోసం జింకు మిశ్రమంతో పోసి పైన కంచు రంగు వేసిన బొమ్మలు కూడా వేలల్లో వచ్చాయి. వాటిని కొడితే డొక్కు చప్పుడు వస్తుంది. పీఠం అడుగున ఎక్కడైనా గీత పడి ఉంటే అదీ చూడండి. గీత లోపల పసుపు పచ్చగా మెరిస్తే కంచు. తెల్లగా, బూడిద రంగులో ఉంటే జింకు. ఇక్కడ పచ్చగానే ఉంది.

ఇప్పుడు పేర్లు. పీఠం మీద శిల్పి సంతకం. అంచు మీద పోత కంపెనీ పేరు, బార్బెదియెన్. కొంచెం పక్కగా చిన్న గుండ్రటి ముద్ర, కొలాస్ యంత్రంతో తగ్గించిన ప్రతి అని. ముద్రలోని అక్షరాలు సన్నగా, అంచులు తేటగా ఉన్నాయి. ఇది ముఖ్యం. మంచి ప్రతి దొరికితే దాని నుంచే అచ్చు తీసి దొంగ పోత పోసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అలాంటి పోతలో అక్షరాలు అలుక్కుపోతాయి, వేళ్ల సందులు పూడుకుపోతాయి. పైగా కంచు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి దొంగ ప్రతి అసలుకంటే ఒక పిసరు చిన్నదవుతుంది. మీ పక్కన నిలబడ్డ వ్యాపారి జేబులోంచి టేపు తీసి ఎందుకు కొలుస్తున్నాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఆయన మీకేమీ చెప్పడు. కొలిచి, కాగితం మీద రాసుకుని వెళ్లిపోతాడు. రేపు మీకు పోటీ ఆయనే కావచ్చు.

బొమ్మను పక్కకు ఒరిగించి లోపలికి చూడండి. బోలుగా ఉంటుంది. లోపలి గోడ గరుకుగా, ఇసుక తేలినట్టు కనిపిస్తుంది. మూలల్లో ఎర్రమట్టి రంగు పొడి ఇంకా అంటుకుని ఉంది. అక్కడక్కడ ముక్కను ముక్కకు బిగించిన మేకుల తలలు. ఒకచోట ఉలితో కొట్టిన అంకె, ఇంకోచోట సిరాతో రాసి వెలిసిపోయిన అంకె. లోపల అంతా నున్నగా ఉండి నిన్న మొన్నటి నట్లు మెరుస్తుంటే మెల్లగా కింద పెట్టేసి వెళ్లిపోవచ్చు. ఇక్కడ అలా లేదు. ఈ గరుకుతనం ఎక్కడ పుట్టిందో చూడాలంటే నూట నలభై ఏళ్లు వెనక్కి పోయి, ఇక్కడి నుంచి తూర్పుగా సెంమార్తాఁ కాలువ వైపు నడవాలి.

* * *

1880ల్లో ఒక ఉదయం. లాంక్రీ వీధి, 63వ నంబరు. గేటు దాటగానే బొగ్గు పొగ, వేడి, ఆకురాళ్ల రాపిడి. వందల మంది పనివాళ్లు. యజమాని ఫెర్దినాఁ బార్బెదియెన్ మొదట్లో గోడలకు అంటించే రంగు కాగితాలు అమ్ముకున్న మనిషి. 1838లో అషీల్ కొలాస్ అనే యంత్రజ్ఞుడితో భాగస్వామ్యం కుదిరాక ఆయన దశ తిరిగింది.

ఆ యంత్రం ముందు ఆగండి. రెండు తిరుగుడు బల్లలు, వాటిని కలిపే పళ్ల చక్రాలు. ఒక బల్ల మీద చపూ చేసిన పెద్ద ప్లాస్టర్ రూపం, రెండోదాని మీద ఉత్త ప్లాస్టర్ ముద్ద. రెంటి మీదుగా ఒక పొడవాటి చువ్వ. చువ్వ ఒకచోట మొద్దు సూది, ఇంకోచోట కోసే పరికరం. పనివాడు సూదిని పెద్ద బొమ్మ చెంప మీదుగా మెల్లగా జరుపుతుంటే రెండో వైపు ముద్దలో అదే చెంప, అదే వంపు, చిన్న కొలతలో లేస్తోంది. ముక్కలు ముక్కలుగా చెక్కి తర్వాత కలుపుతారు. యంత్రం చేసేది కొలత తగ్గించడమే. కనుబొమ్మ కింద నీడ ఎంత లోతుండాలో దానికి తెలియదు. ఆ దిద్దుబాటు మళ్లీ మనిషి చేయాలి.

ఆ చిన్న ప్లాస్టర్ నుంచి ముందు ఒక మాస్టర్ కంచు బొమ్మ పోస్తారు. దాన్ని అరగదీసి, చెక్కి, వెంట్రుకవాసి తేడా లేకుండా దిద్ది, విప్పి మళ్లీ బిగించేలా ముక్కలుగా ఉంచుతారు. అమ్మకానికి వెళ్లే ప్రతి బొమ్మకూ అచ్చు దీని మీదే తీస్తారు. మన స్థపతులు పంచలోహ విగ్రహానికి మైనంతో రూపం చేసి, చుట్టూ మట్టి కప్పి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. మైనం పోయాక ఆ రూపం మళ్లీ రాదు, ఒక మైనానికి ఒకే విగ్రహం. ఇక్కడ లెక్క వేరు. మాస్టర్ బొమ్మ చెక్కుచెదరదు, ఇసుక అచ్చు మాత్రమే ప్రతిసారీ కొత్తది.

ఆ ఇసుక కూడా ఏటి ఇసుక కాదు. పారిస్ శివారులోని ఫోంతెనే-ఓ-రోజ్ నుంచి తెచ్చే జిగట ఇసుక. గుప్పెట్లో నొక్కితే వేలిముద్ర గీతలు కూడా దాని మీద నిలుస్తాయి. అచ్చుపోతవాడు ఇనుప చట్రంలో మాస్టర్ ముక్కను పెట్టి, ఇసుక వేసి, చెక్క దిమ్మెతో దిట్టంగా కూరుతున్నాడు. ముడుచుకున్న వేళ్లు, గడ్డం కింద పల్లం లాంటి చోట్ల ఒకేసారి ఇసుక కూరితే బొమ్మ బయటికి రాదు. అందుకే అక్కడ ఒక్కో పల్లానికి ఒక్కో చిన్న ఇసుక దిమ్మ విడిగా చేసి, పొరల మధ్య అంటుకోకుండా పొడి చల్లి, వరుసగా పేరుస్తాడు. తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడదీసి, మాస్టర్‌ను తీసేసి, మళ్లీ యథాస్థానంలో అమర్చాలి. ఒక దిమ్మ పిసరు జరిగినా అమ్మాయి మెడ మీద గీత పడుతుంది. బొమ్మ బోలుగా రావడానికి లోపల ఇనుప కమ్మీల ఆధారంతో ఇంకో ఇసుక ముద్ద నిలబెడతారు. బల్ల మీద బొమ్మ లోపల మీరు చూసిన గరుకుతనం దానిదే.

పోత సమయం. మాటలు ఆగిపోతాయి. వెయ్యి డిగ్రీలు దాటిన మూసను ఇద్దరు పొడవాటి పట్టకార్లతో ఎత్తి తెస్తున్నారు. ముఖాన వేడి కొట్టి మీరు రెండడుగులు వెనక్కి వేస్తారు. పైన తేలిన మడ్డిని ఒకడు గరిటెతో పక్కకు తీస్తాడు. మూస ఒరుగుతుంది. కరిగిన కంచు ఇసుకలో తవ్విన కాలువలోకి తెగకుండా, ఆగకుండా దిగుతుంది. మధ్యలో చెయ్యి వణికి ధార ఆగితే ఆ పోత తిరిగి మూసలోకే. గాలి పోవడానికి వదిలిన రంధ్రాల్లోంచి నీలం మంట లేచి, తర్వాత కంచు ఎర్రగా తొంగిచూస్తే అచ్చు నిండినట్టు.

చల్లారాక ఇసుక పగలగొడితే బయటికి వచ్చేది మీరు బల్ల మీద చూసిన అమ్మాయి కాదు. ఒళ్లంతా కాలువల తాలూకు కంచు కొమ్మలు, దిమ్మల అతుకుల దగ్గర సన్నటి రెక్కలు. పోత ముగిసిన చోట అసలు పని మొదలవుతుంది. కొమ్మలు కోసేవాడు, ముక్కలు బిగించేవాడు, చివరికి చెక్కుడుపనివాడు. కిటికీ వెలుతురు పడే బల్ల దగ్గర అతను కూర్చున్నాడు. సన్నటి ఉలి, చిన్న సుత్తి. రవిక నేత మీద చుక్కలు చుక్కలుగా కొడుతున్నాడు. చర్మం ఉన్నచోట మాత్రం ఆకురాయి నున్నగా జరుపుతున్నాడు. బట్టకూ చర్మానికీ తేడా కంటికి తెలిసేది ఈ రెండు రకాల చేతిపని వల్లే. చపూ ఈ బల్ల దగ్గర కూర్చోలేదు. ప్రతి ప్రతికీ ఈ పనివాడి చెయ్యి పడింది. అతని పేరు బొమ్మ మీద ఎక్కడా లేదు.

ఆఖరున రంగు. మంట మీద వెచ్చబెట్టిన బొమ్మకు ఇనుప లవణాల ద్రావణం కుంచెతో అద్దుతున్నారు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. పచ్చటి కంచు కాస్తా తేనె రంగుకు, ఇంకో పూతకు కాఫీ రంగుకు దిగుతుంది. ఎక్కడ ఆపాలో గురువు కన్ను చెబుతుంది. పైన మైనం పట్టించి, బట్టతో రుద్దాక అమ్మాయి పొలం పనిలో ఎండకు కమిలినట్టు కనిపిస్తుంది.

ఇలా తయారైనవి పువసోనియెర్ బులెవార్‌లోని షోరూముకు వెళతాయి. ఒకే బొమ్మ నాలుగైదు కొలతల్లో దొరుకుతుంది, పెద్దింటి హాలుకు ఒకటి, గుమాస్తా ఇంటి పొయ్యి గట్టుకు ఒకటి. ఎన్ని పోయాలన్న పరిమితి లేదు. అమ్ముడైన ప్రతిదాని మీదా శిల్పికి ఒప్పందం ప్రకారం వాటా ముడుతుంది.

ఈ ఫౌండ్రీ బొమ్మలే పోయలేదు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడే ప్రభుత్వం కోసం ఫిరంగులు పోశారు. చపూ బొమ్మకూ ఆ యుద్ధానికీ ముడి ఉంది. ఆ ముడి చూడ్డానికి ఇప్పటి పారిస్‌లోకి తిరిగి వచ్చి, నది వైపు నడవండి.

* * *

ద్రువో నుంచి ఒపేరా అవెన్యూ పట్టుకుని దక్షిణంగా దిగితే అరగంటలోపే సెంతొనొరే వీధి. అక్కడ ఒక గోడకు జోన్ ముఖంతో ఫలకం ఉంది, తల ఎత్తకపోతే కనిపించదు. 1429 సెప్టెంబర్ 8న ఇక్కడి కోట గుమ్మం ముందు, కందకం దగ్గర, ఆమె తొడలో బాణం దిగింది. అప్పటికి పారిస్ ఆమె పక్షాన లేదు. నాలుగు నెలల కిందటే ఇంగ్లీషువాళ్ల ఓర్లెయాఁ ముట్టడి తొలగించి, జూలైలో రాకుమారుడికి రాంస్‌లో పట్టం కట్టించిన అమ్మాయికి ఈ నగరం తలుపు తీయలేదు. మరుసటి ఏడు మే 23న కోంపియెన్ దగ్గర పట్టుబడింది. మతవిరోధి అని విచారించి 1431 మే 30న రూఆఁలో కాల్చేశారు. పందొమ్మిదేళ్లు.

బతికుండగా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి గీసిన చిత్రం ఒక్కటీ మనదాకా రాలేదు. మిగిలినది ఒక గుమాస్తా గీత. ఓర్లెయాఁ కబురు పారిస్ చేరిన 1429 మే 10న, న్యాయసభ రిజిస్టరు అంచున క్లెమాఁ ద ఫోకాంబెర్గ్ ఒక అమ్మాయిని గీశాడు. చేతిలో జెండా, నడుముకు కత్తి, ఒంటిమీద గౌను, పొడుగు జుట్టు. అతను ఆమెను ఎన్నడూ చూడలేదు. ఆమె జుట్టు కత్తిరించుకుని మగవాళ్ల బట్టలు వేసుకుని తిరిగేది. అంటే శిల్పుల ముందు ఉన్నది ఖాళీ. ఎవరికి కావలసిన ముఖం వాళ్లు పెట్టుకోవచ్చు.

రెండు అడుగులు వేస్తే పిరమిడ్ చౌరస్తా. రివోలీ వీధి ట్రాఫిక్ మధ్య కళ్లు మిరుమిట్లు గొలిపే బంగారు పూత. గుర్రం మీద నిటారుగా, జెండా పైకెత్తి జోన్. ఎమాన్యుయేల్ ఫ్రెమియే చేసిన కంచు విగ్రహం, 1874లో నిలబెట్టారు. గుర్రం మరీ పెద్దది, పిల్ల మరీ చిన్నది అని అప్పటి విమర్శకులు ఎత్తిపొడిచారు. అది ఫ్రెమియే మనసులో ఉండిపోయింది. నాన్సీ ఊరికి ఇంకో పోత చేసేటప్పుడు గుర్రానికీ మనిషికీ పొంతన మార్చాడు. 1899లో మెట్రో తవ్వకాల కోసం పారిస్ విగ్రహాన్ని దించినప్పుడు చడీచప్పుడు లేకుండా దిద్దిన ప్రతిని తెచ్చి పెట్టేశాడు. సంగతి పొక్కి పెద్ద గొడవైంది. మీ ముందున్నది ఆ రెండోదే. దీని తోబుట్టువులు ఫిలడెల్ఫియాలో, న్యూ ఆర్లియన్స్‌లో, పోర్ట్‌లాండ్‌లో, మెల్‌బోర్న్‌లో కూడా ఉన్నాయి.

1874లో మీరు ఇదే చోట నిలబడి ఉంటే విగ్రహం వెనక తోట కనిపించేది కాదు. కప్పులేని, పొగచూరిన త్యులరీ రాజభవనం కనిపించేది. 1871 మేలో, పారిస్ కమ్యూన్ తిరుగుబాటు ఆఖరి రోజుల్లో దాన్ని తగలబెట్టారు. శిథిలాలు 1883 దాకా అలాగే నిలబడ్డాయి. ప్రష్యా చేతిలో ఓటమి, ముట్టడిలో ఆకలి, ఆ తర్వాత సొంతవాళ్ల మధ్యే నెత్తురు, సంధిలో అల్సాస్‌తో పాటు లొరేన్‌లో కొంత భాగం జర్మనీ పాలు. దోంరెమీ లొరేన్ సీమలోదే, సరిహద్దుకు ఇవతల మిగిలింది. నాలుగున్నర శతాబ్దాల కిందటి లొరేన్ పిల్ల అప్పుడు ఊరూరా కంచులో ఎందుకు లేచిందో ఈ కాలిన గోడల ముందు నిలబడినవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అప్పటి నుంచి ఆమె కోసం లాగులాట ఆగలేదు. దేవుడి మాట విన్న కన్య అని కేథలిక్కులు, రాజు వదిలేస్తే మతాధికారులు కాల్చిన రైతు బిడ్డ అని రిపబ్లికన్లు. చర్చి 1920లో పునీతగా ప్రకటించింది. అదే ఏడు ఫ్రెంచి పార్లమెంటు ఆమె పేర జాతీయ పండుగ పెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వం లోహం కోసం ఊళ్లలోని కంచు విగ్రహాలను కరిగించినప్పుడు జోన్ విగ్రహాల జోలికి పెద్దగా పోలేదు. ఇటీవలి దశాబ్దాల్లో మే ఒకటిన అతివాద జాతీయవాదులు ఊరేగింపుగా వచ్చి పూలు పెట్టింది ఈ గుర్రం కాళ్ల దగ్గరే. ఫ్రెంచివాళ్లు ఏలిన చోటికల్లా కూడా ఆమె వెళ్లింది. పుదుచ్చేరిలో నోత్ర్ దామ్ దేజాంజ్ చర్చి ఎదుట జోన్ విగ్రహం ఉంది. గోదావరి గట్టున మన యానాం 1954 దాకా ఆ ఏలుబడి కిందిదే.

తోట దాటి, సేన్ నది మీద నడక వంతెన ఎక్కి అవతల దిగితే ఓర్సే మ్యూజియం. ఇదీ కాలిన నేలే. 1871లో ఇక్కడి ప్రభుత్వ భవనం కూడా తగలబడింది. ఆ చోట 1900లో రైల్వే స్టేషన్ కట్టారు, 1986లో అది మ్యూజియమైంది. మధ్యలో కొన్నేళ్లు, ద్రువో భవనాన్ని కొత్తగా కడుతున్నప్పుడు, వేలంపాటలు కూడా ఈ స్టేషన్లోనే సాగాయి.

గాజు కప్పు కింద పడే వెలుతురులో చపూ చెక్కిన పాలరాతి జోన్. మీరు ఒరిగించి చూసిన బొమ్మకు తల్లి. మీటరు మించిన ఎత్తు. ప్లాస్టర్ రూపం 1870 సలోన్ ప్రదర్శనలో జనం చూశారు. రెండు నెలలకు యుద్ధం. పాలరాయి 1872 సలోన్‌లో వచ్చింది. రెండు ప్రదర్శనల మధ్య దేశం మారిపోయింది, బొమ్మ మారలేదు. మొదటిసారి భక్తి కథలోని గొల్లపిల్లగా కనిపించిన అమ్మాయి, రెండోసారి పోగొట్టుకున్న సీమలా కనిపించింది. నిజానికి ఆమె తనను తాను గొర్రెలకాపరిగా చెప్పుకోలేదు. నూలు వడకడంలో, కుట్టుపనిలో తనకు సాటి లేదని విచారణలో గట్టిగా చెప్పింది. గొర్రెలు జనం అంటగట్టినవి.

చుట్టూ తిరిగి చూడండి. పాలరాయి గొప్పగానే ఉంది. అయినా చేతుల దగ్గరికి వచ్చేసరికి మీరు ఉదయం చూసిన కంచు వేళ్లే గుర్తొస్తాయి. రాతిలో ఆ వేళ్లు మెత్తగా ఒదిగి ఉన్నాయి. కంచులో పనివాడి ఉలి గోళ్ల కింద సన్నగా గీసి బిగువు పెంచింది. పాలరాయిని చూడ్డానికి పారిస్ రావాలి, టికెట్ కొనాలి, తాడు ఇవతల నిలబడాలి. ఓడిపోయిన దేశంలో ఎన్నో ఇళ్లకు జోన్ వెళ్లింది ఈ రాతి రూపంలో కాదు. కొలత తగ్గి, ఇసుకలో పడి, పేరు లేని చెయ్యి దిద్దగా వెళ్లింది. ఒకే ఒక్కటి కావడం వల్ల పాలరాయికి విలువ. పదిమంది ఇళ్లలో బతకడం వల్ల కంచుకు విలువ. జానపద నాయికకు రెండోదే అసలైన ఉనికి. సమ్మక్క కథ ఒక్క గద్దె దగ్గరే ఆగిపోలేదు, ఎవరి ఇంట్లో బెల్లం తూచితే అక్కడికి చేరింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం. ద్రువోలో అదే గది. బల్లల చోట కుర్చీలు వేశారు. ఎత్తు పీట మీద పాట పాడించే ఆయన, చేతిలో చిన్న సుత్తి. పక్కన వస్తువుల నిపుణుడు. ఒక అంచున ఫోన్లు చెవికి ఆనించుకున్న గుమాస్తాలు, ఇంకో అంచున ఆన్‌లైన్ పాట చూపించే తెర. వస్తువుకు నిమిషం కూడా పట్టదు. కుర్చీలు వెళ్లిపోతాయి, గడియారం వెళ్లిపోతుంది.

మన అమ్మాయి వంతు. గోధుమ రంగు కంచు, చపూ సంతకం, బార్బెదియెన్ పోత అని నిపుణుడు చదువుతాడు. నిన్న కొలిచిన వ్యాపారి రెండో వరుసలో చెయ్యి ఎత్తకుండా పెన్ను మాత్రం ఎత్తుతున్నాడు. ఫోన్లో ఎవరో పెంచుతారు. పెన్ను లేస్తుంది. తెర మీద అంకె మారుతుంది. పెన్ను మళ్లీ లేస్తుంది. ఆ తర్వాతి అంకెకు లేవదు, ఆయన కాగితం మీద నిన్న రాసుకున్న హద్దు అదే. మీ చెయ్యి ఎప్పుడు లేచిందో మీకే తెలియదు. ఒకటోసారి, రెండోసారి, సుత్తి పడింది. మీ మీదే కొట్టేశారు.

కంగారు పడకండి. సుత్తి పడిన ధర మీద వేలంశాల కమిషన్ కలుస్తుందని ముందే తెలుసు కదా. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి రసీదు పుచ్చుకుంటే, నిన్నటి మనిషే బొమ్మను పాత దుప్పటిలో చుట్టి తెస్తాడు. "రసాయనాలు వద్దు, బ్రాసో లాంటి పాలిష్ అసలే వద్దు. మెత్తటి పొడిబట్ట, ఏడాదికోసారి కాస్త మైనం, అంతే," అంటాడు. ఇంటికి చేరాక ఈ మాట ముందుగా ఇంట్లోవాళ్లకు చెప్పండి. దేవుడి గదిలో ఇత్తడి కుందులు తోమే చింతపండు వారం వారం సిద్ధంగా ఉంటుంది. పండుగ ముందు ఎవరైనా అభిమానంతో ఈమెకూ పట్టించి తళతళలాడేలా తోమారంటే, లాంక్రీ వీధి పనివాడు మంట మీద పూత మీద పూత అద్ది తెచ్చిన రంగు సాయంత్రానికి మోరీలో ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్నదాంట్లో సగం ఆ రంగే.